చెవి మేస్త్రి కోడలు

చెవి మేస్త్రి ఇంజను విప్పకుండానే జబ్బు చెప్పేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి నొక్కుకుని కళ్ళు మూసుకునేవాడు. కాసేపటికి కళ్ళు తెరిచి, "లోపల బేరింగు పోయింది, అంతే" అనేవాడు. విప్పి చూస్తే పోయే ఉండేది. షెడ్డు బోర్డు మీద అసలు పేరు రాయించాడు గానీ, దాన్ని పొగ తినేసి చాలా కాలమైంది. చెవి మేస్త్రి అనే పిలుపే మిగిలింది.

మీటర్లను అతను నమ్మడు. "మీటరు షాపులో కొన్నాం. చెవి అమ్మ కడుపులోంచి తెచ్చుకున్నాం. ఏది నమ్మాలి?" అనేవాడు. ఎవరైనా బండి తెచ్చి ఆయిలు గేజీ పడిపోతోందని కంగారు పడితే కసిరేవాడు. "ముందు ఆ గేజీని మంచి బండికి తగిలించి చూడరా నాయనా. గేజీ సంగతి తేల్చుకుని అప్పుడు ఇంజన్ని తిట్టు."

ఆ చెవి అతనికి శత్రువైంది ఒక్కసారే, భార్యకు దగ్గు పట్టుకున్నప్పుడు. పై ఇంట్లో ఆవిడ దగ్గితే కింద షెడ్డులో అతనికి అన్నీ తెలిసేవి. ఇది గొంతులోది, ఇది ఛాతీలోది, ఇది రాత్రంతా నిద్రపోని మనిషి దగ్గు. ఒకరోజు ఆ దగ్గు మారింది. డాక్టర్లకంటే ముందు అతనికే తెలిసింది. తెలిసి ఒరిగిందేమీ లేదు. ఆవిడ పోయింది. ఆ తర్వాత అతను పరామర్శకు వచ్చినవాళ్ళతో మాటలు మానేశాడు. రానివాళ్ళతో కూడా మానేశాడు.

అలాంటి ఇంట్లో కొన్నేళ్ళకు కోడలికి దగ్గు మొదలైంది. జబ్బు పేరు వేరు, దగ్గు మాత్రం అదే. కోడలు సిటీ బస్సులో కండక్టరు. నిలబడ్డవాళ్ళ మధ్యలోంచి వెనక డోరు దాకా వినపడే గొంతు ఆమెది. ఆ గొంతు సన్నబడి, మెట్లెక్కితే ఆయాసం వచ్చి, ఆఖరికి మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు చేరింది. మేస్త్రి పగలంతా షెడ్డులో ఏదో ఒక ఇంజను నడుపుతూనే ఉండేవాడు. పనుండి కాదు. పై నుంచి ఏమీ వినపడకూడదని.

ఎవరో చనిపోయారు. వాళ్ళవాళ్ళు ఏడుస్తూనే సంతకం పెట్టారు. ఆ ఊపిరితిత్తులు రెండూ కోడలి ఛాతీలోకి వచ్చాయి. ఎవరివో ఆస్పత్రి చెప్పలేదు.

ఆపరేషనయ్యాక చాలా రోజులకు ఆమె ఇంటికొచ్చింది. వచ్చిన రోజే ఇంటికి డ్రైవరూ ఆమే, కండక్టరూ ఆమే అయింది. గుమ్మం పక్కన సబ్బు, ముక్కుకు కట్టుకునే మాస్కుల పెట్టె పెట్టింది. మామగారి షెడ్డు బట్టలు మెట్ల కిందే ఆగిపోవాలి. పూలకుండీలు పక్కింటికి వెళ్ళిపోయాయి, మట్టిలో బూజు ఉంటుందని. వరండాలో కూర్చునే పావురాలను తరమడానికి ఒక కర్ర గోడకు ఆనింది. కోసి ఉంచిన పళ్ళు తినదు, బయటి నీళ్ళు తాగదు. పొద్దున, సాయంత్రం ఫోను మోగగానే మందులు. అన్నం ముందున్నా సరే, మాట మధ్యలో ఉన్నా సరే. ఆ మందులకు ముఖం ఉబ్బింది, వేళ్ళు వణికేవి. వణికే వేళ్ళతో పాత టిక్కెట్ల కట్ట ముందు పెట్టుకుని ఒక్కోటీ చింపుతూ కూర్చునేది. చినుగు వంకర పోతే ఇంకోటి తీసేది.

మేస్త్రి అక్కయ్య చూడ్డానికి వచ్చింది. ఆమె అంటే మేస్త్రికే హడలు.

"ఆగండత్తయ్యా," అంది కోడలు గుమ్మంలోనే. "చేతులు కడుక్కోండి."

"బస్సు దిగి నేరుగా వస్తున్నానమ్మా. ఏం ముట్టుకున్నాననీ?"

"బస్సులో ఏం ముట్టుకుంటారో నాకు తెలుసు. ఆ కడ్డీల సంగతి నన్నడగండి. ఇంకా పైదాకా. మోచేతుల దాకా."

"ఒరేయ్, నీ కోడలు నన్ను అంటరానిదాన్ని చేసిందిరా!"

"నన్ను రోజూ చేస్తోంది. కడుక్కో," అన్నాడు మేస్త్రి.

అక్కయ్య మోచేతుల దాకా కడుక్కుని, మాస్కు కట్టుకుని, దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పోనీలే, ఆడకూతురు కష్టం నుంచి బయటపడింది కదా అనుకోలేదు. "ఇంత భయపడుతూ బతకడం కూడా ఒక బతుకేనా?" అంది.

కోడలు టిక్కెట్లు చింపడం ఆపలేదు. "భయం కాదత్తయ్యా. ఇవి నావి కావు. ఇచ్చినవాళ్ళు లేరు. వాళ్ళవాళ్ళెవరో నాకు తెలీదు. పాడు చేస్తే నన్నడిగేవాళ్ళే లేరు. అడిగేవాళ్ళుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. లేరు కాబట్టే ఇంత జాగ్రత్త."

మేస్త్రి గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు. భార్య పోయాక అతను ఎవరినీ మెచ్చుకోలేదు. ఆ రోజు కూడా పైకి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం మాత్రం మెట్ల కింద నిలబడి, ఎవరూ చెప్పకుండానే చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

ఇంట్లో అన్నిటికంటే పెద్ద పీట ఊదుడు మీటరుది. ప్లాస్టిక్ గొట్టం, పక్కన అంకెలు, లోపల స్ప్రింగు, ముల్లు. గొట్టం మూతికి కాగితపు గొట్టం తగిలించి, గుండె నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదాలి. ముల్లు ఎంత దూరం జరిగితే ఊపిరితిత్తులు అంత బాగున్నట్టు. తన ముల్లు మామూలుగా ఆగే చోట కోడలు గోళ్ళ రంగుతో ఎర్రగీత గీసుకుంది. రోజూ పొద్దున ముల్లు ఆ గీతను తాకాలి. గీతకు బాగా దిగువన ఆగి, మర్నాడు కూడా అక్కడే ఆగితే వెంటనే ఆస్పత్రికి రావాలని చెప్పి పంపారు.

ఆస్పత్రిలో కసరత్తులు నేర్పే అమ్మాయి, ఇంట్లోవాళ్ళకు కూడా తెలియాలని మేస్త్రి చేత అలాంటి మీటరులోనే ఊదించింది. ముల్లు సరిగ్గా నాలుగు వందల దగ్గర ఆగింది. "ఈ వయసులో బాగా ఊదారండీ" అంది. అంతే. ఆ మాట అతను షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. చక్రం గాలి పెట్టించుకోవడానికి వచ్చినవాడికి కూడా చెప్పాడు. "నాలుగొందలు ఊదానయ్యా. పొగ మానేసిన ఊపిరి. నువ్వు ఊదు చూద్దాం." వీధివాళ్ళు కొన్నాళ్ళు అతన్ని నాలుగొందల మేస్త్రి అన్నారు.

ఆ అమ్మాయే కోడలి చేత దగ్గించడం మొదలుపెట్టింది. మొదటి దగ్గు వినగానే మేస్త్రి లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎందుకు దగ్గాలో ఆ అమ్మాయి చెప్పిన మాట అతను వినలేదు. ఇంట్లో కూడా కోడలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చుని కావాలని దగ్గేది. అదేదో కసరత్తనుకున్నాడు. ఆ వేళకు కింద ఇంజను నడిపించి, మోత పెంచేవాడు. కోడలు కనిపెట్టింది.

ఇలా నెలలు గడిచాయి. భార్య ఆపరేషనుకని ఇంటి దగ్గర ఆగిపోయిన కొడుకు మళ్ళీ లారీ ఎక్కాడు. దూరాల సరుకు, వారానికోసారి ఇల్లు. కోడలు మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. డిపోలో జనం మధ్యకు పంపకుండా ఆఫీసు కుర్చీ ఇస్తామన్నారు. బస్సు మీదే మనసున్నా, కుర్చీకి సరే అంది.

ఒకరోజు పొద్దున ముల్లు ఎర్రగీత దాకా రాలేదు. మళ్ళీ ఊదింది. మళ్ళీ అక్కడే.

"ఏంటమ్మాయ్, అలా చూస్తున్నావు?"

"వేలెడు తగ్గింది మామయ్యా."

"నిద్ర సరిగ్గా పట్టలేదేమో."

"పట్టింది."

మేస్త్రి ఆమెను ఎగాదిగా చూశాడు. ముఖంలో రంగుంది. మాటలో ఆయాసం లేదు. చెవి రిక్కించాడు. పిల్లికూత లేదు, గురగుర లేదు, ముఖ్యంగా దగ్గు లేదు. అతని చెవి ఎన్ని ఇంజన్లు చూసింది! లోపల ఏదైనా చెడితే చప్పుడు చేయకుండా ఉంటుందా?

"నీకేం లేదు," అన్నాడు. "నా చెవి చెప్తోంది. ఆ ప్లాస్టిక్ గొట్టానికే ఏదో వచ్చింది."

"కావచ్చు. రేపు కూడా ఇంతే ఉంటే వెళ్దాం."

"ఎక్కడికి?"

"ఆస్పత్రికే. ఎక్కడికి?"

ఆమె మామూలుగానే అంది. ఒకప్పుడు ఈ ఇంటి నుంచి మేస్త్రి భార్య కూడా ఇలాగే పరీక్షలకని ఆస్పత్రికి వెళ్ళి నడిచి తిరిగి రాలేదు. అతను షెడ్డులోకి దిగి ఒక మోటారు విప్పాడు, ఊరికే మళ్ళీ బిగించాడు. రేపు ముల్లు గీత దాకా రావాలి. వస్తే వెళ్ళనక్కర్లేదు. అతని బుర్రలో ఇక వేరే ఏమీ లేదు.

మధ్యాహ్నం కోడలు పడుకుంది. మేస్త్రి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. చేయబోయేది తప్పుడు పనైనా ఆమె నియమం ప్రకారమే చేశాడు. మీటరు తీసుకుని కిందికెళ్ళి, బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచి దాన్ని విప్పాడు. స్ప్రింగును వేళ్ళతో నొక్కి చూశాడు. బిరుసుగా ఉందనిపించింది. బిరుసుగా ఉండాలని కోరుకున్నవాడి వేళ్ళకు ఇంకెలా ఉంటుంది? చిన్న స్ప్రింగుల డబ్బాలో వెతికి, అంతే పొడవున్నది, ఒక పిసరు మెత్తనిది ఏరాడు. కాచిన నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, బిగించాడు. ముల్లు నున్నగా జరిగింది. తీసిన చోటే పెట్టేశాడు.

అతనికి అది మోసం అనిపించలేదు. మరమ్మతు అనిపించింది. నలభై ఏళ్ళు పనిచేసిన మేస్త్రి, పరీక్షించని గేజీని విప్పాడు. షెడ్డులో పనివాడెవడైనా అలా చేస్తే పానా పెట్టి కొట్టేవాడు.

పొద్దున కోడలు ఊదింది. ముల్లు ఎర్రగీతను తాకి, దాటి, చాలా పైకి వెళ్ళి ఆగింది.

మేస్త్రి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "చెప్పానా లేదా? నా చెవి ఎప్పుడైనా తప్పిందా? డిపోకి ఫోను చెయ్యి, కుర్చీ తుడిచి పెట్టమను!"

కోడలు సంతోషపడలేదు. మీటరును అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంకోసారి ఊదింది. ఇంకా పైకి వెళ్ళింది.

"ఆపరేషనయ్యాక ఇంత పైకి ఎప్పుడూ రాలేదు," అంది.

"మంచిదేగా."

"నిన్న తగ్గింది. ఇవాళ ఎన్నడూ లేనంత పెరిగింది. మధ్యలో నేను చేసిందల్లా నిద్రపోవడం." ఆమె ఊదిన కాగితపు గొట్టం పీకి చెత్తబుట్టలో పడేసి, పెట్టెలోంచి కొత్తది తీసి తగిలించింది. మీటరు మామగారి ముందుకు చాచింది. "ఊదండి."

"నేనా? ఎందుకూ? నా మూతి దగ్గరికే రానివ్వవుగా దీన్ని."

"ఇవాళ రానిస్తున్నా. ఊదండి మామయ్యా. మీరే అంటారుగా, గేజీ మీద అనుమానం వస్తే మంచి బండికి తగిలించి చూడమని. మీరు నాలుగొందల బండి. ఊరంతా సాక్ష్యం."

మేస్త్రి మీటరు వైపు చూశాడు. తగ్గించి ఊదుదామా అన్న ఆలోచన వచ్చింది. ఆమె అతని ఛాతీనే చూస్తోంది. బస్సులో టిక్కెట్టు లేనివాడి జేబు చూసే చూపు అది. నిండుగా పీల్చి ఊదాడు.

ముల్లు నాలుగు వందల దగ్గర ఆగలేదు. అయిదు వందలు దాటి, గొట్టం చివరికి పోయి నిలబడింది.

అతను మీటరు బల్ల మీద పెట్టాడు.

"విప్పాను," అన్నాడు. "నిన్న నువ్వు పడుకున్నప్పుడు. స్ప్రింగు మార్చాను."

అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండేది. ఆమె ఆ మీటరును సంచిలో వేసి మూతి కట్టింది. "ఇక ఇది నాకు పనికిరాదు," అంది. "నిన్నటి ముల్లే నిజం. వ్యాను తాళాలు తీసుకోండి."

ఆస్పత్రి నర్సుకు తనే ఫోను చేసింది. మందులు, బట్టలు ఉన్న సంచి ఎప్పుడూ తలుపు వెనకే సర్దిపెట్టి ఉంటుంది. అది తీసుకుని, మాస్కు కట్టుకుని ముందు దిగింది. మేస్త్రి వెనక దిగాడు. షెడ్డు వ్యానులో పక్కన కూర్చుని భర్తకు ఫోను చేసింది. "ముల్లు తగ్గింది, వెళ్తున్నాం. మామయ్య నడుపుతున్నారు. నువ్వు బండి అక్కడే వదిలేసి పరిగెత్తుకురాకు. చెప్తాగా, అప్పుడు రా." మీటరు సంగతి చెప్పలేదు. మేస్త్రి ఆ మాట కోసమే చెవి రిక్కించి కూర్చున్నాడు. ఆమె చెప్పలేదు.

చాలా దూరం పోయాక అతనే నోరు తెరిచాడు. "ఒక్క దగ్గు కూడా లేదు కదమ్మా. ఒక్క చప్పుడు లేదు. లోపల పాడైతే తెలియదా?"

"తెలీదు మామయ్యా. తీసి అతికించేటప్పుడు నరాలు కలపరు. లోపల కఫం నిండినా, వాపొచ్చినా, దగ్గమని నాకు కబురు రాదు. అందుకే రోజూ నేనే కూర్చుని దగ్గుతాను. ఆ అమ్మాయి చెప్పినప్పుడు మీరు బయటికెళ్ళిపోయారు."

మేస్త్రి గేరు మార్చాడు. వ్యాను ఇంజనులో సన్నటి ట్యాపెట్ చప్పుడు ఉంది. దాన్ని విన్నాడు. పక్క సీటులోంచి ఏ చప్పుడూ లేదు. జీవితంలో మొదటిసారి అతనికి చప్పుడు లేనందుకు భయమేసింది.

ఆస్పత్రిలో మంచి మీటరులో ఊదించారు. ముల్లు నిన్నటికంటే ఇంకో వేలెడు కిందే ఆగింది. గొంతులోంచి సన్నటి గొట్టం దింపి, లోపల చూసి, చిన్న ముక్క గిల్లి పరీక్షకు పంపారు. ఒళ్ళు ఆ ఊపిరితిత్తులను పరాయివని పసిగట్టి ఎదురు తిరగడం మొదలుపెట్టిందని తేలింది. మొదట్లోనే వచ్చారు కాబట్టి మందుతో ఆపొచ్చన్నాడు డాక్టరు.

"ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే?" అడిగాడు మేస్త్రి.

"ఆగలేదుగా," అన్నాడు డాక్టరు. "పేషెంటుకు పైకి ఏ బాధా లేదు. చాలామంది ఇంట్లోనే ఉండిపోతారు. ఈవిడ రావడమే గొప్ప."

మేస్త్రి వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి స్ప్రింగు తీశాడు. అసలుది. నిన్నటి నుంచి జేబులోనే ఉంది. నొక్కి చూశాడు. బిరుసు లేదు, ఏమీ లేదు. కొత్తదానిలా ఉంది.

సెలైనులో కలిపి మూడు రోజులు మందెక్కించారు. ఆ మందుకు ఆమెకు నిద్ర లేదు, నోరు చేదు, చేతులు అంతకుముందుకంటే ఎక్కువ వణికాయి. పక్క మంచం ఆవిడ ఏడుస్తుంటే ఆమె టిక్కెట్ల కట్ట అందుకుని, "ఇదిగోనమ్మా, మీరు కూడా చింపండి, మనసు మళ్ళుతుంది. ఎక్కడికి కావాలి టిక్కెట్టు?" అంది. ఆవిడ ఏడుపు ఆపి, "ఇంటికి," అంది. "ఒకటే ఇస్తా. రిటన్ లేదు," అంది కోడలు. మేస్త్రి తలుపు బయట నిలబడి వింటున్నాడు. ఇంత గట్టి మనిషి తన ఇంట్లో ఇన్నేళ్ళుగా అన్నం వడ్డిస్తుంటే, కూరలో ఉప్పు తగ్గిందన్న మాట తప్ప ఇంకోటి అనలేదు తను.

ముల్లు మళ్ళీ పైకి కదిలింది. పాత గీత దాకా మాత్రం రాలేదు. ఒక చిటికెడు కిందే నిలిచిపోయింది. ఇక అదే మామూలు కావచ్చని చెప్పి కొత్త మీటరిచ్చి పంపారు.

ఇంటికొచ్చిన రోజు కోడలు గోళ్ళ రంగు సీసా తీసి కొత్త గొట్టం మీద గీత గీసింది. పాతదానికంటే కిందికి గీసింది. చెయ్యి వణికినా గీత తిన్నగా వచ్చింది.

"పాత చోటే గియ్యరాదూ?" అన్నాడు మేస్త్రి. "ఎక్కుతుందేమో."

"ఎక్కితే ఎక్కినప్పుడు చెరిపి గీస్తా. లేనిదాన్ని గీసుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్టు." సీసా మూత బిగించింది. "ఆ మాటొస్తే మామయ్యా, ఈ మీటరు జోలికి వచ్చారంటే..."

"పానా పెట్టి కొట్టు."

"మీ అబ్బాయికి చెప్తా."

"అంతకంటే పానాయే నయం," అన్నాడు.

మర్నాడు పొద్దున ఒకడు బండి తెచ్చాడు. మేస్త్రి ఇంజను నడిపించి, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. అప్పుడే పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. కోడలు దగ్గడానికి కూర్చుంది. అది ఇంజను మోత పెంచే వేళ. మేస్త్రి చెయ్యి అలవాటుగా అటు వెళ్ళింది. వెళ్ళి, ఇంజను ఆపేసింది.

"ఏమైంది మేస్త్రీ?" అన్నాడు బండివాడు.

"నోర్ముయ్. విననీ."

పై నుంచి దగ్గు వచ్చింది. లోతుగా, తెచ్చిపెట్టుకున్న దగ్గు. ఒకటి. ఇంకోటి. మేస్త్రి గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ముఖం కాస్త ముడుచుకుంది గానీ అతను అక్కణ్ణించి కదల్లేదు. మూడోది సగంలోనే తేలిపోయింది.

"అమ్మాయ్!" అని అరిచాడు పైకి.

"ఏంటి మామయ్యా?"

"ఆ ఆఖరిది అడుగు నుంచి రాలేదు. గొంతులోనే ఆగిపోయింది. మళ్ళీ దగ్గు."

పై నుంచి నవ్వు వినపడింది. ఆ నవ్వు వెనకే, కింద షెడ్డులో రేకు అదిరేంత గట్టిగా, ఒక దగ్గు.

"ఆఁ, అదీ," అన్నాడు మేస్త్రి. బండివాడి వైపు తిరిగి తాళం చేతికి తీసుకున్నాడు. "ఏం చెప్తున్నావు? గేజీ పడిపోతోందా? ఎంత పడిందో అది చెప్పు ముందు."